తెరిచి చూడకుండా చెప్పిన రెండు రోజులు

విశాఖపట్నంలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి త్రివిక్రమరావు మేనేజరుగా ఉండేవాడు. పాత ప్రోగ్రాంలో ఎవరు ఏ మార్పు అడిగినా, తెరిచైనా చూడకుండా "రెండు రోజుల పని" అనేసేవాడు. మనిషి మంచివాడే, నోరే కాస్త తొందర.

ఒక సోమవారం కంటి ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు. వాళ్ళ ప్రోగ్రాం ఒక ఆపరేషన్ చీటీ మీద ఒక కంటి వివరాలే ఇచ్చేది. ఇకపై రెండు కళ్ళవీ ఒకే చీటీలో రావాలి, ఎప్పటికి ఇస్తారని అడిగారు.

"ఓస్, ఇంతేనా? బుధవారానికి ఇచ్చేస్తాం!" అన్నాడు త్రివిక్రమరావు.

ఆ ప్రోగ్రాం గుట్టు తెలిసింది కంపెనీలో పనిచేసే అనసూయ ఒక్కతెకే. ఆమె గబగబా అతని దగ్గరికి వచ్చింది.

"సార్, ఒక్క పూట టైమివ్వండి, లోపల చూసి చెబుతా. శుక్రవారం నేను రాజమండ్రిలో ఉండాలి. మా నాన్నగారు రైలు డ్రైవరు, ఆ రోజు ఆయన నడిపే ఆఖరి బండి. దిగగానే మొదటి దండ నేనే వేస్తానని మాటిచ్చాను."

"నిక్షేపంగా వెళ్ళమ్మా! చూసే పూటలో పనే అయిపోతుంది," అని నవ్వేశాడు.

మార్పు నిజంగానే మంగళవారానికి అయిపోయింది. త్రివిక్రమరావు మీసం మెలేశాడు. బుధవారం అనసూయ పరీక్షించి చూస్తే, ఎడమ కంటి రోగి చీటీ మీద కుడి కన్ను అని పడింది. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట తప్పింది. ఆ కంటి వివరాన్ని ప్రోగ్రాంలో పందొమ్మిది చోట్ల వాడారు, ఆ సంగతి ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు.

త్రివిక్రమరావు మీసం మీది చెయ్యి దించాడు. ఆసుపత్రికి ఫోన్ చేసి గడువు అడిగాడు.

"మీ మాట నమ్మి శనివారం ఆపరేషన్లు పెట్టుకున్నామండీ. పాత చీటీ ఆపేశాం కూడా," అన్నారు వాళ్ళు.

శుక్రవారం తెల్లవారినా పని తెమల్లేదు. "నువ్వు బయల్దేరమ్మా, మేం ఏవో తంటాలు పడతాం," అన్నాడు త్రివిక్రమరావు.

"బాగున్న కంటికి కత్తి పెడితే ఎవరండీ బాధ్యులు?" అని ఆమె కుర్చీలోంచి లేవలేదు.

మధ్యాహ్నం ఆమె తమ్ముడు వీడియో పంపాడు. ఇంజను దిగిన తండ్రి, దండలతో వచ్చినవాళ్ళను చేత్తో ఆపుతున్నాడు. "ఉండండి, మొదటిది మా అమ్మాయి వేస్తుంది," అంటూ జనంలో వెతుకుతున్నాడు. అనసూయ కళ్ళు తుడుచుకుని మళ్ళీ పనిలో పడింది. వెనక నిలబడి చూసిన త్రివిక్రమరావు సిగ్గుపడి, ఆమె పక్కకు కుర్చీ లాక్కుని చీటీలు సరిచూడసాగాడు.

శనివారం చీటీలన్నీ సరిగ్గా వచ్చాయి. ఆ తర్వాత అతను తెరిచి చూడకుండా ఏ పనికీ రోజులు చెప్పలేదు. కానీ ఆ ఆఖరి బండిని మళ్ళీ రప్పించలేడు కదా!

నీతి: పనిని విప్పి చూడకుండా గడువు చెప్పకూడదు; మన తొందరకు నష్టపోయేది మరొకరు.