దడి తిరిగిన సాయంత్రం

ఏరు రెండు పాయలుగా విడిపోయి మళ్ళీ ఒకటయ్యే చోట, నడిమధ్యలో ఒక లంక ఉంది. అందులో మనుషులు లేరు. రెల్లుగడ్డి ఉంది, ఇసకమేటలు ఉన్నాయి, పొద్దునా సాయంత్రం ఏటి మీంచి పాలనురగలా లేచే మంచు ఉంది. ఆ మంచులో ఒక గేదెల మంద నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా మేస్తూ ఉండేది. దూరం నుంచి చూస్తే తాడు తెగిన నల్లపడవలు తేలుతున్నట్టే ఉండేది.

ఆ మందలో బూదెమ్మ ఒకతి. బూడిదరంగు ఒళ్ళు, కిందికి వాలిన కొమ్ములు, ఎప్పుడూ నేల చూపులే. నలుగురిలో నోరు విప్పాలంటే దానికి కాళ్ళు వణికేవి. ఎన్నేళ్ళకో ఒక పెయ్యదూడ పుట్టింది. నల్లటి నుదుట తెల్లటి చుక్క ఉందని చుక్కి అని పేరు పెట్టుకుంది. ఆ పేరు కూడా గట్టిగా పిలిచేది కాదు, చెవిలో చెప్పేది.

"ఏమే బూదెమ్మా, నీ కూతురు నిలబడుతోందా, ఇంకా తూలుతోందా?" అంది దాని వీపు మీద కూర్చున్న కాంతమ్మ. కాంతమ్మ తెల్లకొంగ. గేదెల ఒంటి మీది పురుగులు ఏరుకు తినడం దాని పని, లంకలో కబుర్లన్నీ మోసుకు తిరగడం దాని సరదా.

"మెల్లగా కాంతమ్మా, ఎవరైనా వింటారు."

"దూడ నిలబడిందా అని అడగడం కూడా తప్పేనా?"

"ఏది తప్పో సాయంత్రం వాళ్ళు చెప్పేదాకా తెలీదు కదమ్మా."

కాంతమ్మ నవ్వబోయి మానేసింది. బూదెమ్మ చెప్పింది నిజమే.

ఆ మందకి పెద్ద, బండన్న అనే దున్నపోతు. ఇంత లావు మెడ, అంత లావు గొంతు. వాడికి సలహాలు చెప్పేవాడు నక్క. నోటి తీపి కొద్దీ అందరూ వాణ్ణి నక్కమావ అనేవారు. తోడేళ్ళు మళ్ళీ వస్తున్నాయని లంకలో మొదట కబురు తెచ్చింది నక్కమావే. ఆ భయం మీదే బండన్న పెద్దయ్యాడు. ఆ కబురు తర్వాత తోడేళ్ళు ఎవరి కంటా పడలేదు. భయం మాత్రం ఉండిపోయింది.

పొద్దువాలేసరికి మంద అంతా గుండ్రంగా దడి కట్టి నిలబడాలి. మధ్యలో మిట్ట మీద బండన్న నిలబడతాడు, వాడి కాళ్ళ దగ్గర నక్కమావ కూర్చుంటాడు. గేదెలన్నీ మొహాలు లోపలికి పెట్టి బండన్ననే చూడాలి. వాడి మీంచి చూపు తిప్పుకుంటే, పక్కదాని చెవుల మీద పెట్టాలి. చెవి కదిలిందా, తోడేళ్ళకి సైగ చేసినట్టే. అందుకని చెవుల మీద ఈగలు ముసిరి కుడుతున్నా ఒక్కతీ చెవి విదిలించేది కాదు. కళ్ళలో నీళ్ళు కారుతుంటే అలాగే ఓర్చుకునేవి. లోపల చోటంతా పెద్దలకే సరిపోతుందని దూడల్ని తల్లుల తోకల వెనక, గడ్డి వైపు నిలబెట్టేవారు.

దడి కట్టాక నక్కమావ రోజూ ఒకటే కథ చెప్పేవాడు.

"అమ్మల్లారా, ఏరు ఎండిపోయిన ఏడాది తోడేళ్ళు ఇసక మీదుగా దాటొచ్చాయి. ఆ యుద్ధంలో మీ మామ్మలు ఎలా గెలిచారనుకున్నారు? ఇదిగో, ఈ మిట్ట మీద బండన్నగారి తాతగారు నిలబడ్డారు. అందరూ ఇలాగే మొహాలు లోపలికి పెట్టి ఆయన్నే చూస్తూ నిలబడ్డారు. ఆయన ఒక్క రంకె వేశారు. అంతే! తోడేళ్ళన్నీ ఏట్లో పడి కొట్టుకుపోయాయి."

"ఏరు ఎండిపోయిందన్నావు కదా మావా, మరి ఎందులో కొట్టుకుపోయాయి?" అని ఒకరోజు సింగారి అనే గేదె అడిగింది. సింగారిది మొదటినుంచీ దురుసు నోరే. మంద అంతా గొంతులోనే నవ్వుకుంది.

నక్కమావ కూడా నవ్వాడు. "బాగా అడిగావు సింగారీ. ఇంత బాగా తోడేళ్ళే అడగాలి" అన్నాడు.

కొన్నాళ్ళకి సింగారి దూడ దడి వెనక నుంచి మాయమైపోయింది. అది "అంబా" అన్నప్పుడు సింగారి వెనక్కి తిరగబోయింది. "వెనక్కి తిరిగేది ద్రోహులే!" అని బండన్న రంకె వేశాడు. ఆ మాటకి అది ఆగింది. ఆ ఆగడమే ఆగడం. తర్వాత చూస్తే నలిగిన గడ్డి తప్ప ఏమీ లేదు. కన్నబిడ్డని తోడేళ్ళకి ముట్టజెప్పిందని చెప్పి సింగారిని అవతలి ఇసకమేట మీదికి వెళ్ళగొట్టారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా దాని అరుపు సన్నగా వినిపించేది. వినిపించనట్టు అందరూ గడ్డి మేసేవాళ్ళు. బూదెమ్మా అంతే.

ఇప్పుడు చుక్కి నిలబడడం నేర్చుకుంది. నిలబడే దూడ తల్లి తోక వెనక ఉండాల్సిందే. ఆ సాయంత్రమే యుద్ధం గెలిచిన పండుగ.

మధ్యాహ్నం బూదెమ్మ నీళ్ళలో పడుకుని నెమరేస్తుంటే కళ్ళు మూతలు పడ్డాయి. మంచు ఇంకా విడలేదు. ఆ తెల్లదనంలో వాళ్ళ అమ్మమ్మ గొంతు ఎక్కడినుంచో వచ్చింది. పసిదిగా ఉన్నప్పుడు అమ్మమ్మ డొక్కని ఆనుకుని విన్న గొంతే. 'పక్కదాని డొక్క నా డొక్కకి తగిలేదే. అది ఉందిలే అనుకునేదాన్ని. ఇంక అటు చూసేదాన్నే కాదు.' అప్పుడు దేని గురించి చెప్పింది? యుద్ధం గురించేనా? పక్కదాన్ని చూడకపోతే మరి ఎటు చూసేది? బూదెమ్మ ఆ మాట వెనకే వెళ్ళాలని చూసింది. కానీ రోజూ వినే నక్కమావ కథ బండరాయిలా అడ్డం పడింది. అమ్మమ్మ మాట పొగలా పలచబడిపోయింది.

"కల కనేశాను కాబోలు" అంది పైకే.

"ఏం కల?" అంది కాంతమ్మ.

"ఏం లేదులే. కాంతమ్మా, ఈ పూట దీన్ని నా వెనక నిలబెట్టలేను. చచ్చినా నిలబెట్టలేను."

"అయితే ఆ మాటే అడుగు."

"అందరిలోనా? నేనా?"

కాంతమ్మ ముక్కుతో దాని మెడ మీద రెండుసార్లు మెల్లగా పొడిచింది. దానికి తెలిసిన ఓదార్పు అదే.

పొద్దు వాలింది. మంచు మళ్ళీ దిగింది. రెల్లుపూలు గాలికి ఊగుతుంటే లంక మొత్తం మెల్లగా ఎటో సాగిపోతున్నట్టుంది. పండుగ కాబట్టి నూకాలు మామ్మని దడి మధ్యకి నడిపించుకొచ్చారు. ఆ యుద్ధం చూసిన వాళ్ళలో మిగిలింది మామ్మ ఒక్కతే. చెవులు వినపడవు, కళ్ళు సగం మూసుకునే ఉంటాయి. మొహమంతా బురద దట్టంగా మెత్తి ఉంది. ఈగలు వాలకుండా తానే దగ్గరుండి మెత్తిస్తున్నానని, పెద్దలంటే తనకంత గౌరవమని నక్కమావ చెప్పుకునేవాడు.

కథ మొదలైంది. బూదెమ్మ తోక వెనక చుక్కి వెచ్చటి ఊపిరి తగులుతోంది. ఇంతలో గడ్డి సరసరమంది. గాలి అటు లేదు. చుక్కి ఊపిరి ఆగింది.

వెనక్కి తిరిగితే ద్రోహి. తిరక్కపోతే సింగారి గతే. బూదెమ్మకి ఏం తోచలేదు. తోచింది ఒక్కటే, తల్లి ముందుకు నడిస్తే దూడ వెంట నడుస్తుంది.

అది ముందుకు నడిచింది. చుక్కి తూలుకుంటూ వెనకే వచ్చింది.

"ఏయ్! ఎక్కడికి?" అన్నాడు బండన్న.

బూదెమ్మ గొంతు పీలగా వచ్చింది. "దూడ పుట్టాక... మందలో పెద్దదాని మొహం నాకి... దూడని వాసన చూపించాలి కదండీ. నేనింకా చెయ్యలేదు."

అది లంకలో ఎప్పటినుంచో ఉన్న మర్యాద. అక్కడున్న ప్రతి తల్లీ చేసిందే. "అవునవును, చెయ్యాలి" అని అటూ ఇటూ నుంచి వినిపించింది. నక్కమావ మొహం ఒక్క క్షణం మాడింది.

"ఇప్పుడెందుకమ్మా, రేపు..."

అప్పటికే బూదెమ్మ నాలిక మామ్మ నుదుటి మీద ఉంది. దానికి వేరే ఆలోచనేమీ లేదు. ఎంతసేపు నాకితే అంతసేపు చుక్కి లోపలే ఉంటుంది, అంతే. అందుకే తీరిగ్గా నాకింది. నుదురు నాకింది. కంటి కింద నాకింది. ముక్కు మీద నాకింది. బురద నాని ఊడింది. గరుకు నాలికకి కింద ఇంకేదో గరుకు తగిలింది.

చూసింది. నుదుటి మీద అడ్డంగా పాత గాటు. కన్ను కింద ఇంకొకటి. ముక్కుపుటం చీలి అతుక్కుంది. మెల్లగా వెనక్కి వెళ్ళి తుంటి నాకింది. తుంటి నున్నగా ఉంది.

"మామ్మా, ఈ గాట్లు ఎక్కడివి?" అంది లోగొంతుకతో.

"ఆఁ? ఏంటే? గట్టిగా ఏడవ్వే, వినపడి చావదు!"

బూదెమ్మ చుట్టూ చూసింది. అందరి చూపులూ దాని మీదే. చుక్కి వచ్చి దాని కాళ్ళ మధ్య దూరింది.

"ఈ గాట్లు ఎక్కడివి మామ్మా!" అని అరిచింది. పుట్టాక అది అంత గట్టిగా అరవడం అదే మొదలు. ఏటి అవతల కూడా వినిపించి ఉంటుంది.

"ఎక్కడివేంటే పిచ్చిమొహమా! తోడేలు ఎదురుగా వచ్చి మొహం మీద పడింది. ఇదిగో, ఈ కొమ్ముతోనే లేపి అవతల పారేశాను."

"మొహాలు లోపలికి పెట్టి నిలబడ్డారంట కదా!"

"లోపలికా? లోపలుండేది దూడలు. వాటిని చూస్తూ నిలబడి ఏం చేస్తామే, పేడ వాసన చూస్తామా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి గొంతులో కాదు, బయటికే.

"మరి బండన్న వాళ్ళ తాత?"

"ఆ పిల్లాడా? నా పక్కనే నిలబడ్డాడు పాపం. మంచివాడు. తోడేలు వాడి చెవి కొరికేసింది. అయినా కదల్లేదు. వాడి డొక్క నా డొక్కకి ఆనుకునే ఉండేది. అదే ధైర్యం. మిట్టెక్కితే మమ్మల్నెవరు కాస్తారే?"

వినగా వినగా ఆ కథని బండన్నా నమ్మేశాడు. తాతకి ఒక చెవి లేదన్న సంగతి వాడికి ఇప్పుడే తెలిసింది.

నక్కమావ గబగబా లేచాడు. "అయ్యో, పెద్దది. మతి చలించింది. ఏదేదో మాట్లాడుతోంది..."

"మతి చలించినా గాట్లు చోటు మారవు కదా మావా" అంది బూదెమ్మ.

దడిలో ఎక్కడో ఒక గేదె టపామని చెవి విదిలించింది. దాని పక్కది విదిలించింది. తర్వాత వానచినుకులు పడ్డట్టు దడి పొడుగునా చెవులు. ఈగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఎవరు ముందు తిరిగారో ఎవరూ చూడలేదు. మంచులో పెద్ద నల్లచక్రం ఒకటి మెల్లగా మెలితిరిగినట్టు, మంద మొత్తం మొహం బయటికి తిప్పింది.

ఎదురుగా, రెల్లు అంచున, నక్కలు. మావ తమ్ముళ్ళు, బావమరుదులు, వాళ్ళ పిల్లలు. దూడలకి ఒక్క దూకు దూరంలో, నాలికలు బయటపెట్టుకుని బారుగా కూర్చున్నాయి. వాటిలో ఒక మందబుద్ధి నక్క తెల్లబోయి అడిగేసింది. "ఏంటి మావా, మొహాలు ఇటు తిప్పించావు? ఈ పూట పండుగన్నావు కదా?"

"వాళ్ళెవరో నాకు తెలీదు!" అని నక్కమావ కీచుమన్నాడు.

దూడలన్నీ తల్లుల పొట్టల కింద నుంచి లోపలికి దూరాయి. కొమ్ములన్నీ ఒక్కసారి వంగాయి. రెల్లులోని నక్కలు వచ్చిన దారి వెతుక్కునే తీరిక లేక ఒకదాని మీంచి ఒకటి దూకి పారిపోయాయి. నక్కమావ మాత్రం లోపలే చిక్కాడు. బయటపడాలంటే గేదెల కాళ్ళ సందునే పోవాలి. పోయాడు. దొరికిన ప్రతి కాలూ తన బాకీ తీర్చుకుంది. రెల్లు చేరేసరికి వాడి నోరు పళ్ళూడిన దువ్వెనలా అయింది. మళ్ళీ ఆ నోరు లంకలో కథ చెప్పలేదు.

మిట్ట మీద బండన్న ఒక్కడే మిగిలాడు. వాణ్ణి చూసేవాళ్ళు లేరు. ఎటు తిరిగినా తోకలే. ఒక దూడ వచ్చి వాడి తోక నోట్లో పెట్టుకుని చీకింది. కాసేపటికి వాడు మిట్ట దిగి, తల వంచుకుని బూదెమ్మ దగ్గరికొచ్చాడు.

"నేనెక్కడ నిలబడను?"

బూదెమ్మ వాడి వంక చూడలేదు. రెల్లు మీంచి చూపు తియ్యకుండానే కాస్త పక్కకి జరిగింది. "ఇక్కడ. మొహం అటు పెట్టు. రంకెలెయ్యకు, దూడలు పడుకున్నాయి."

బండన్న డొక్క దాని డొక్కకి ఆనింది. వెచ్చగానే ఉంది.

చీకటి పడకముందే అవతలి ఇసకమేట నుంచి సింగారి వచ్చింది. పిలిచేందుకు వెళ్ళిన కాంతమ్మ దాని వీపు మీద కూర్చుని ఉంది. సింగారి వెనక దూడ లేదు. బూదెమ్మ రెండో పక్కకి జరిగి చోటిచ్చింది. సింగారి వచ్చి నిలబడి, మొహం బయటికి పెట్టి, చాలాసేపు గడ్డి వైపే చూస్తూ ఉండిపోయింది. వాళ్ళ వెనక, వెచ్చటి చీకట్లో, చుక్కి నిద్రపోయింది.

ఒకరి మొహం ఒకరు కాపలా కాయమన్నవాడు మన వీపులు ఎవరికి అప్పగిస్తున్నాడో, పెద్దవాళ్ళ గాయాలు చూసి తెలుసుకోవాలి.