కాగితంలో ఇంకా చోటుంది

ఊరూరా తిరిగి చేపలమ్మే నూకాలు తన పాత మోటారుసైకిలుకి ఆయిలు మార్చడం, చైను బిగించడం ఇంటి దగ్గర తనే చేసుకునేది. ఒకరోజు రోడ్డు మలుపులో ఆయిలు మరక మీద జారి, పాలు పోసే సింహాద్రి చెయ్యి విరిగింది.

"ఇంట్లో బాగుచేసుకునే బండి ఆయిలు కారక ఇంకేం చేస్తుంది? తాళాలియ్యి. ఇక అది పంచాయతీ ఆఫీసులోనే ఉంటుంది," అన్నాడు ప్రెసిడెంటు జోగినాయుడు, మర్నాడు ఊరివాళ్లతో నూకాలు ఇంటి ముందుకొచ్చి, తన బండి దిగకుండానే.

బండి లేకపోతే నూకాలు ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా తాళాలు ఆయన చేతిలో పెట్టింది. తన బండి కింద ఒక పాత పేపరు పరిచింది. "మీ చెప్పులకి మట్టవుతుంది బాబూ," అంటూ ఆయన బండి కిందా ఒకటి పరిచింది.

"బండిని ఎలా చూసుకోవాలో మీరైనా చెప్పండి బాబూ."

నాయుడు ఉబ్బిపోయి, పట్నంలో తను చేయించే సర్వీసింగు గురించి అరగంట చెప్పాడు. వింటున్నవాళ్ల చూపులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. నూకాలు పేపరు పొడిగా ఉంది. నాయుడి పేపరు మీద నల్లటి చుక్కలు ఒకదాని పక్కన ఒకటి పడుతున్నాయి.

నాయుడూ కిందికి చూశాడు. మాట ఆగిపోయింది.

"చెప్పండి బాబూ, కాగితంలో ఇంకా చోటుంది," అంది నూకాలు.

కట్టు కట్టిన చేత్తో నిలబడ్డ సింహాద్రి ముందుకొచ్చి, రెండో చేత్తో నాయుడి దగ్గర తాళాలు తీసుకుని నూకాలుకి ఇచ్చాడు.