ఖాళీ తెర లేని యంత్రం

ఒకానొక రాజ్యంలో ప్రతాపకేసరి అని ఒక రాజుండేవాడు. ఆ పేరు పెట్టినప్పుడు ఆయన ఉయ్యాల్లో ఉన్నాడు, పాపం, ఆయన తప్పేం లేదు. పెద్దయ్యాక ఆ పేరుని నిజంగానే నమ్మేశాడు. చిక్కంతా అక్కడొచ్చింది.

రాజుగారికి కొత్తదంటే వల్లమాలిన మోజు. పాతది కంటపడితే చిరాకు. ఈ సంగతి కనిపెట్టి, దేశాలు తిరిగొచ్చిన విఖ్యాతభట్టు అనే యంత్రపండితుడు కొలువులో చేరాడు. భట్టుగారికి రాట్నాలు, కప్పీలు, స్ప్రింగులు కొట్టిన పిండి. తోలుబొమ్మని ఏ వైపు పట్టుకోవాలో మాత్రం తెలీదు. అది ఒక లోటని ఎవరూ అనుకోలేదు. ఆయన అసలే అనుకోలేదు.

ఒకరోజు ఆయన కొలువులోకి మనిషెత్తు చెక్క చట్రం ఒకటి మోయించుకొచ్చాడు. లోపల గుండ్రంగా తిరిగే తాడు, తాడుకి ఇత్తడి కొక్కేలు, పక్కన ఒక పిడి.

"మహారాజా, దీని పేరు సర్వసులభ యంత్రం. ఇకమీద తోలుబొమ్మలాట నేర్చుకోవడానికి జన్మంతా ధారపోయక్కర్లేదు. బొమ్మల్ని వరసగా కొక్కేలకి తగిలించడం, పిడి తిప్పడం, అంతే. గంట మోగుతుంది, ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ తెరమీదకొస్తుంది. ఎవరైనా ఆడించొచ్చు!"

"మధ్యలో ఒక బొమ్మ వద్దనుకుంటే?" అన్నాడు రాజు.

భట్టుగారి మొహం వెలిగిపోయింది. ఈ ప్రశ్న అడగమని ఆయనే ముందుగా రాజుగారి చెవిలో వేసి ఉంచాడు. "అదే దీని గొప్ప! ఒక బొమ్మ తీసేస్తే వెనకున్న బొమ్మలన్నీ వాటంతటవే ముందుకి జరిగి ఆ ఖాళీని పూడ్చేస్తాయి. తెర మీద రెప్పపాటు కూడా ఖాళీ అన్నది ఉండదు."

రాజుగారి బావమరిది వచ్చి పిడి తిప్పాడు. కోతిబొమ్మ వచ్చింది. మళ్ళీ తిప్పాడు. ఇంకో కోతి వచ్చింది. సభంతా చప్పట్లు.

కొలువులో హాస్యగాడిగా ఉన్న బయ్యన్న కూడా చప్పట్లు కొట్టాడు. రాజు కొడుతుంటే కొట్టక చస్తాడా. కానీ లోపల ఏదో పీకుతూనే ఉంది. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చుని చూసిన ఆటలు గుర్తొచ్చాయి. ఆ బొమ్మలకి చేతులు కదిలేవి, మెడలు తిరిగేవి. సీతమ్మ ఏడిస్తే భుజాలు కూడా ఏడ్చేవి. ఈ కోతి మాత్రం అచ్చం ఆరేసిన పంచెలా వేలాడింది.

మర్నాడే చాటింపు వేయించారు. రాజ్యంలో బొమ్మలాట వాళ్ళందరూ యంత్రం మీదే ఆడాలి.

ఆ సాయంత్రానికల్లా బొమ్మలాట కుటుంబాలు కోట గుమ్మం ముందు గుమిగూడాయి. వాళ్ళ తరఫున హనుమక్క లోపలికొచ్చింది. ఆమె గొంతు విప్పితే పదిళ్ళ అవతల కుక్కలు కూడా మొరగడం ఆపి వింటాయని పేరు. చంకలో వెదురుబుట్ట, బుట్టలో తాతల నాటి బొమ్మలు.

"దొరా, నీ యంత్రం బాగానే ఉంది. కానీ మా బొమ్మలు దానికి పట్టడం లేదు. వీటికి నడుముకో బద్ద, చేతికో పుల్ల. ఆ కొక్కేనికి తగిలిస్తే తలకిందులుగా వేలాడతన్నాయి."

"కొత్త బొమ్మలు చేసుకోండి," అన్నాడు భట్టు.

"మరి ఈ పాతవో?"

"పాతవే కదా."

హనుమక్క మొహం ఎర్రబడింది. "సామీ, మా దాంట్లో బొమ్మ చిరిగి పనికి రాకుండా పోతే, ఇంట్లో పెద్దమనిషి పోయినట్టు ఏట్లో కలిపి తలంటు పోసుకుంటాం. 'పాతవే కదా' అని మా ఇళ్ళలో పసిపిల్లాడు కూడా అనడు. సరే, అది అట్టా ఉంచు. నీ యంత్రంలో బొమ్మలకి చేతులెందుకు కదలవు?"

"చేతులు వచ్చే ఏడు వస్తాయి."

"వచ్చే ఏడా? అప్పటిదాకా రాముడు విల్లెట్టా విరుస్తాడయ్యా?"

"విరిచాడని పాటలో చెప్పండి. చాలు."

"మరి రాముడూ రావణుడూ ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవాలి కదా? నీ యంత్రం ఒకసారికి ఒక్కడినే పంపుతుంది. రాముడు బాణం వేసి వెళ్ళిపోతే, తర్వాత రావణుడొచ్చి ఊరికే పడిపోవాలా?"

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. భట్టు చెయ్యెత్తాడు. "మీకింకా అలవాటు కాలేదు, అంతే. అలవాటైతే ఇదే నచ్చుతుంది. వెయ్యేళ్ళుగా మీరంతా తప్పుగా ఆడిస్తున్నారు."

ఆ మాటతో బయట గుమ్మం దగ్గర గోల మొదలైంది. మద్దెలలు కూడా మోగాయి. రాజుగారికి ఒళ్ళు మండింది.

"చాలించండి! నేను మెచ్చిన యంత్రాన్ని మీరు కాదంటారా? రాబోయే విజయోత్సవానికి నా కథ ఈ యంత్రం మీదే ఆడాలి. ఆట అవగానే మీ పాత బొమ్మలన్నీ తెచ్చి కోట ముందు మంటలో వేయాలి. అవి ఉన్నంతకాలం మీకు కొత్తది ఎక్కదు."

హనుమక్క బుట్టని గుండెకి హత్తుకుంది.

బయ్యన్న ఆ బుట్ట వైపు చూశాడు. నోరు తెరవాలా వద్దా అని ఆలోచిస్తుండగానే నోరు తనంతట తనే తెరుచుకుంది. "ప్రభూ, ఒక మాట. యంత్రం అంత గొప్పదైతే, పిడి భట్టుగారే తిప్పాలి. లేకపోతే రేపు ఏదన్నా తేడా వస్తే వీళ్ళే కావాలని చెడగొట్టారంటారు. వీళ్ళు పాడతారు, మద్దెల వాయిస్తారు. బొమ్మ జోలికే పోరు."

"న్యాయంగానే ఉంది," అన్నాడు రాజు. భట్టు కూడా తల ఊపాడు.

"ఆట చివరిదాకా సాగితే బొమ్మలు మంటలోకే. ఒకవేళ మధ్యలో తమరే ఆపమంటే..."

రాజు పకపకా నవ్వాడు. "నేనా? నా కథనా? నా విజయాన్ని నేనే ఆపమంటానా? సరేనోయ్ బయ్యన్నా! నా నోటితో ఆపమంటే వాళ్ళ బొమ్మలు వాళ్ళవే. నీ యంత్రాన్ని కొలువులోంచి మోయించుకుపో అని భట్టుకి కూడా నేనే చెప్తాను."

రాజు మాట అయితే ఇచ్చాడు. ఇక ఆపమనిపించడం ఎలాగన్నది బయ్యన్నకి తెలీదు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. ఖాళీ అన్నది ఉండదు, ఖాళీ అన్నది ఉండదు అన్న భట్టు మాటే చెవుల్లో తిరుగుతోంది. అలా తిరిగి తిరిగి ఒకచోట ఆగింది. అప్పుడు గబగబా నాలుగు ముద్దలు తిని రాజుగారి దగ్గరికి పరిగెత్తాడు.

"ప్రభూ, తమ విజయగాథలో ఒక ఘట్టం ఉంది. మండూరు దొర మీద యుద్ధానికి వెళ్ళినప్పుడు, శత్రువుల ఏనుగు ఘీంకరిస్తే, తమరు... వ్యూహాత్మకంగా... చింతచెట్టెక్కారు కదా."

రాజు అటూ ఇటూ చూశాడు. "అది కథలో ఎందుకు?"

"జనం అడుగుతారు ప్రభూ. అందరికీ ఇష్టమైన ఘట్టం."

"తీసెయ్!"

"చిత్తం. మరి ఆ చోట ఏం చేద్దాం? బొమ్మ తీసేసి, తమ మీద ఒక పొగడ్త పాట పాడిద్దామా?"

రాజుగారి కోపం ఇట్టే కరిగిపోయింది. "పెద్దదే పాడించు. నా కంఠం గురించి ఉండాలి. నా చెవుల గురించి కూడా. పొడుగు చెవులు చక్రవర్తి లక్షణమని జోస్యులవారు చెప్పారు."

"తప్పకుండా. బొమ్మ తీయమని భట్టుగారికి మాత్రం తమరే సెలవివ్వాలి."

అక్కణ్ణుంచి బయ్యన్న నేరుగా హనుమక్క గుడారానికి వెళ్ళి సంగతి చెప్పాడు. ఆమె విసుగ్గా అంది: "పొగడ్త పాటకి బొమ్మ ఉండదయ్యా. దేవుడి స్తోత్రమైనా దొర స్తోత్రమైనా ఖాళీ తెర మీదే పాడతాం. దీపం వెలుగొక్కటే ఉంటుంది. అది మా పద్ధతి."

"ఆ యంత్రంలో ఖాళీ తెర ఉందా అక్కా?"

హనుమక్క అతని మొహంలోకి చూసింది. తర్వాత వరసలో ఉన్న బొమ్మలేవో మనసులో తిప్పుకుంది. ఉన్నట్టుండి నోట్లో కొంగు కుక్కుకుంది.

"పాటల వరస మాత్రం మార్చకు," అన్నాడు బయ్యన్న.

"నేనెందుకు మారుస్తా నాయనా! రాజాజ్ఞ!"

విజయోత్సవం రోజు దీపాలు పెట్టే వేళకి కోట ముందు ఇసకేస్తే రాలనంత జనం. తెల్లటి తెర కట్టారు. వెనక ఆముదం దీపాలు. పక్కగా ఒక మంట కూడా సిద్ధం చేశారు. దాని ముందు బుట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. బయ్యన్న అటు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాడు.

మద్దెల మోగింది. భట్టు పిడి తిప్పాడు. గంట మోగింది. గుర్రం మీద రాజుగారి బొమ్మ వచ్చింది. రాజు బయల్దేరిన పాట హనుమక్క ఎత్తుకుంది. అంతా సవ్యంగానే ఉంది. రాజు మీసం దువ్వాడు.

రెండో గంట. చింతచెట్టు బొమ్మ ఉండాల్సిన చోట కొక్కెం ఖాళీ అయింది కదా, స్ప్రింగు లాగింది, వెనకున్న బొమ్మ ముందుకి జరిగింది. అది మండూరు దొర సామాన్లు మోసిన గాడిద.

సరిగ్గా అప్పుడే హనుమక్క పొగడ్త అందుకుంది:

"ఎవరయ్యా ఈ ధీరుడూ, ఎవరయ్యా ఈ శూరుడూ
గొంతు విప్పితే ఊరూవాడా ఉలికిపడి లేచేనూ
చెవులు చూడరే చెలులారా, చక్కని నిడుపు చెవులూ!"

జనం ముందు నవ్వు ఆపుకున్నారు. తర్వాత వెనక వరసలో ఒక ముసలాయన దగ్గుతున్నట్టు నవ్వాడు. అంతే, కట్ట తెగింది. ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

"భట్టూ!" రాజు గర్జించాడు. ఆ గొంతు విని జనం ఇంకా నవ్వారు. "తియ్యి దాన్ని! వెంటనే తియ్యి!"

భట్టు కంగారుగా చెయ్యి లోపల పెట్టి గాడిదని పీకేశాడు. టప్ మని ఇంకో బొమ్మ వచ్చి నిలబడింది. మండూరు దొర. తలపాగా ఊడి, పంచె చేత్తో పట్టుకుని పరుగు తీస్తున్నాడు. హనుమక్క ఆగితే కదా! పొగడ్త ఇంకా సగమే అయింది.

"శత్రువులకి ఇతడే సింహస్వప్నమూ, వెన్ను చూపని వీరుడూ!"

"అయ్యో, ఒక్క క్షణం ఖాళీగా ఉంచవయ్యా!" అన్నాడు బయ్యన్న, అందరికీ వినపడేలా.

"ఖాళీ ఉండదండీ! అదే కదా దీని..." అని భట్టు మధ్యలో ఆగిపోయాడు.

గంట మోగింది. పొగడ్త అయిపోయింది. తర్వాత పాట గాడిదది. గాడిదేమో భట్టుగారి చేతిలో ఉంది. తెర మీద సింహాసనం ఎక్కి కూర్చున్న ప్రతాపకేసరి మహారాజు, నిండు కిరీటంతో.

హనుమక్క గొంతు సవరించుకుంది:

"ఒళ్ళు చూస్తే గుమ్మటం, బుర్ర చూస్తే బూడిదా
మేత వేస్తే తినడమే గాని మాట చెప్తే వినదమ్మా
కర్రతో ఒకటి తగిలిస్తే గాని కదలదమ్మా ఈ జంతువూ!"

మద్దెలవాడు ఆ చివరి మాట దగ్గర ఒక దెబ్బ గట్టిగా వేశాడు. అది కూడా పాత పద్ధతే.

"ఆపండి!" రాజు లేచి నిలబడ్డాడు. "ఆపండి! ఆపండి!"

ఆట ఆగింది. నవ్వులు కూడా ఆగాయి. రాజు బయ్యన్న వైపు తిరిగాడు. కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. "ఇదంతా నీ పని!"

బయ్యన్న చేతులు జోడించాడు. "పిడి తిప్పింది భట్టుగారు. చెట్టు తీయమంది తమరు. గాడిదని తీయమందీ తమరే. చెవుల సంగతి పాడమందీ తమరే. నేను ఊరికే కూర్చుని చూశాను ప్రభూ. ఇప్పుడు ఆపమని కూడా తమ నోటితోనే..."

రాజు ఇచ్చిన మాట సభంతా విన్నది. ఆయన కరుగ్గా అన్నాడు: "మరి మీ పాత పద్ధతిలో ఆ పొగడ్త ఎలా ఉంటుందో చూపించమను. అదీ ఇలాగే ఉంటే ఏం చేస్తానో అప్పుడు చూద్దువుగాని."

హనుమక్క యంత్రాన్ని పక్కకి నెట్టింది. బుట్టలోంచి తాతల నాటి బొమ్మలు తీసింది. తెర మీద గుర్రం నిజంగా కదం తొక్కింది. రాజు బొమ్మ చెయ్యెత్తి కత్తి తిప్పింది. పొగడ్త దగ్గరికి వచ్చేసరికి ఆమె బొమ్మని మెల్లగా వెనక్కి లాగేసింది. తెల్లటి తెర, వెనక దీపం, అంతే. అదే పాట, అవే చెవులు, అదే కంఠం. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎక్కడో ఒక పసిబిడ్డ ఊ కొట్టడం కూడా వినిపించింది.

"తెర మీద ఏం లేదేం?" రాజు మెల్లగా అడిగాడు.

"అక్కడ తమరున్నారు ప్రభూ," అన్నాడు బయ్యన్న. "ఎవరికి ఎలాంటి రాజు కావాలో అలాంటి రాజు కనిపిస్తాడు. బొమ్మ పెడితే తమలాగే కనిపిస్తారు. అందుకే వీళ్ళ పెద్దవాళ్ళు ఆ చోట తెర ఖాళీగా ఉంచారు."

రాజుకి ఆ మాట అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది, మీసం అదిరింది, బయ్యన్న కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు పొట్ట పట్టుకుని రాజు నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకి కిరీటం జారి చెవుల మీద ఆగింది. నిడుపు చెవులు కదా, పడిపోలేదు.

"మంట ఆర్పండి! ఆ బుట్టలు ఎవరివి వాళ్ళకి ఇచ్చేయండి. బయ్యన్నా, ఏం కావాలో కోరుకో."

"ఇకమీద ఎవరైనా ఒక కొత్త పనిముట్టు చేస్తే, ముందు ఆ పని చేసేవాళ్ళ మధ్యన కూర్చుని, రోజంతా తనే దానితో పని చేసి చూపించాలి ప్రభూ. చప్పట్లు ఆ తర్వాత."

"అలాగే!" అని రాజు తన మెడలో హారం తీసి అతని మెడలో వేశాడు. హనుమక్కకి పట్టుచీర పెట్టాడు. యంత్రాన్ని రాజుగారి జామతోటకి తరలించారు. పిడి తిప్పితే గంటకి చిలకలు బెదిరేవట. అలా వెళ్తూ వెళ్తూ కూడా భట్టుగారు, "వచ్చే ఏడు చేతులు కూడా వస్తాయి, చూడండి!" అంటూనే ఉన్నాడు.

బొమ్మలు సర్దుకుంటూ హనుమక్క ఆగి అడిగింది. "దొరా, మిగిలిన ఆట రేపు ఆడతాం. ఆ చింతచెట్టు ఘట్టం ఉంచమంటారా, తీసేయమంటారా?"

రాజు బయ్యన్న వైపు ఓరగా చూశాడు.

"ఉంచండి," అన్నాడు. "చెట్టు మటుకు కాస్త పొడుగ్గా గీయండి."