మూడు కేకలు, ఒక్క మంద

అనగనగా ఒక అడవి కాదు, మూడు అడవులు. టేకడవి, వెదురడవి, మద్దడవి. రెండు ఏర్లు కలిసే చోట మూడూ ఎదురెదురుగా ఉండేవి. నడుమ ఒక ఇసుక తిన్నె. ఆ తిన్నె ఎవరిదీ కాదు. కానీ ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోవాలంటే దాన్ని దాటక తప్పదు.

ఆ తిన్నె మీద ఇసుకమ్మ అనే తీతువు పిట్ట ఉండేది. తీతువు అరిస్తే కీడు అంటారు కదా! ఇసుకమ్మ ఎదురొస్తే చాలు, అందరూ మొహం తిప్పుకునేవారు. అలాంటిది ఒకరోజు మూడు అడవుల పెద్దలూ దానికి కబురు పెట్టారు.

"నీ గొంతు మూడు గట్లకూ వినిపిస్తుంది ఇసుకమ్మా. తిన్నె మీదికి కొత్తవాళ్లెవరైనా వస్తే కేక వెయ్యి. వాళ్లను ఆగనివ్వకు. ముందుకు తోలెయ్యి" అన్నారు.

ఇసుకమ్మ పొంగిపోయింది. కీడు పిట్ట కాస్తా కాపలా పిట్ట అయింది! గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెట్టుకుని, వాటిని పొదుగుతూ, నాలుగు దిక్కులా చూస్తూ కూర్చుంది.

ఆ వేసవిలో టేకడవి గట్టు నుంచి ఒక మంద దిగింది. అవి మనుబోతులు. అంటే చూడ్డానికి కాస్త గుర్రంలా, కాస్త ఆవులా ఉండే జింక జాతి. లెక్కకు నలభై. డొక్కలు ఎండిపోయాయి. కాళ్లు ఈడుస్తూ నడుస్తున్నాయి.

"వచ్చారు! వచ్చారు!" అని ఇసుకమ్మ కేక వేసింది.

మందకు పెద్ద గరికమ్మ అనే ముసలి మనుబోతు. అది దగ్గరికొచ్చి తల వంచింది.

"మా బీడులో మూడేళ్లుగా వాన చుక్క లేదు తల్లీ. గరిక గడ్డ కూడా చచ్చిపోయింది. గరికే చచ్చిందంటే ఇక మేమెంత? ఈ టేకడవి పెద్దాయన, బొంతయ్య ఎలుగు, పక్కకు పొమ్మన్నాడు. ఒక్క పూట ఈ తిన్నె మీద కూర్చోనిస్తావా?"

"కూర్చోకూడదు. నడవండి, నడవండి" అంది ఇసుకమ్మ.

మంద గూడు పక్క నుంచే వెదురడవికి పోయింది. గరికమ్మ అడుగు తడి మట్టిలో దిగబడింది. దాని ముందు కాలి గిట్టకు ఒక మొన విరిగి ఉంది. అందుకే ముద్రలో ఒక చీలిక పొడుగు, ఒక చీలిక పొట్టి. నేల మీద బతికే పిట్ట కదా, ఇసుకమ్మ మొహాల కంటే పాదాలు బాగా గుర్తు పెట్టుకుంటుంది.

నాలుగు రోజులకు వెదురడవి గట్టు నుంచి ఒక మంద దిగింది. "వచ్చారు! వచ్చారు!" అని ఇసుకమ్మ రెండోసారి కేక వేసింది. వేశాక కిందికి చూసింది. ఒక చీలిక పొడుగు, ఒక చీలిక పొట్టి.

"మేమే తల్లీ. అక్కడి పెద్దావిడ, గుమ్మడమ్మ ఏనుగు, తరిమేసింది" అంది గరికమ్మ.

అవతలి గట్టున మద్దిచెట్టు కొమ్మ మీద మసిమూతి మావయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన మద్దడవి పెద్ద, కొండముచ్చు.

"ఏమే ఇసుకా! ఇది ఇంకో మందా? ఇవి గుర్రాలా, ఆవులా? ముందు ఆ సంగతి తేల్చుకుని రమ్మను!" అని అరిచాడు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. 'పాతవాళ్లే మావయ్యా' అంటే చాలు. కానీ ఇసుకమ్మ ఆలోచన వేరేగా పోయింది. నిజం చెబితే, తిప్పి తిప్పి తరిమింది మీరేనని పెద్దల మొహం మీదే అన్నట్టవుతుంది. ఉన్న కొలువు కాస్తా పోతుంది. మళ్లీ కీడు పిట్ట అయిపోతుంది. నాకెందుకొచ్చిన గొడవ?

"ఏమో మావయ్యా, వస్తూనే ఉన్నారు" అంది.

వస్తూనే ఉన్నారా! మసిమూతి మావయ్య బెదిరిపోయాడు. కొండముచ్చులన్నీ కొమ్మలు విరిచి విసిరాయి. మంద బెదిరి తిన్నెంతా కలియదిరిగింది. ఎక్కడి కాలు ఎక్కడ పడిందో తెలియదు. దుమ్ము అణిగేసరికి మనుబోతులు ఎలాగో మద్దడవిలో దూరాయి. గూట్లో నాలుగు గుడ్లకు మూడే మిగిలాయి.

ఇసుకమ్మ ఏడవలేదు. పగిలిన పెంకు చుట్టూ ఊరికే తిరిగింది. గుడ్డును తొక్కింది గిట్టే. మరి గిట్టను పరుగెత్తించింది ఎవరు?

రెండు రోజులు గడిచాయి. మద్దడవి కూడా తరిమేసింది. మంద మూడోసారి తిన్నె ఎక్కింది. అలవాటుకొద్దీ ఇసుకమ్మ గొంతు "వచ్చారు! వచ్చారు!" అనేసింది.

ఈసారి ముగ్గురు పెద్దలూ మూడు గట్ల మీదికి వచ్చారు.

"మూడో మంద! నలభై, నలభై, నలభై. నూట ఇరవై అయ్యాయి!" అని బొంతయ్య రొమ్ము బాదుకున్నాడు. "రేపు వేలకు వేలు వస్తాయి. నా ఇప్పపూలు నాకు మిగలవు."

"అయితే ఈ తిన్నె కింది మొసళ్ల మడుగులోకి తోసేద్దాం. పీడ పోతుంది" అన్నాడు మసిమూతి మావయ్య.

గుమ్మడమ్మ కూడా వద్దనలేదు.

ముగ్గురూ మూడు పక్కల నుంచి కదిలారు. మనుబోతులు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. వాటికి మిగిలింది మడుగు దారి ఒక్కటే. ఆ దారిలోనే గూడు ఉంది.

అప్పుడు ఇసుకమ్మ గూటి ముందుకు ఉరికి, రెండు రెక్కలూ చాచి నిలబడింది. నలభై మనుబోతుల ముందు పిడికెడు పిట్ట!

"ఆగండి! పెద్దలూ, ముందు ఇటొచ్చి నేల చూడండి!"

"తీతువు నోట మంచి మాట వస్తుందా?" అని బొంతయ్య ఈసడించాడు.

"నా నోరు కీడే అనుకో బొంతన్నా. నీ కళ్లకేమైంది? వంగి చూడు. ఇది మొదటి రోజు అడుగు. ఇది రెండోసారిది. ఇది ఇప్పటిది. మూడింట్లోనూ అదే విరిగిన మొన!"

బొంతయ్య వంగాడు. ఎలుగులకు చూపు కాస్త మందం. ముక్కు ఆనించి మరీ చూశాడు.

"అయితే ఏంటంటావ్?"

"నలభైని మూడుసార్లు లెక్కపెడితే నూట ఇరవై కాదంటున్నా! నేను మూడు కేకలు వేశాను. మీరు మూడు మందలు విన్నారు. వచ్చింది ఒక్క మంద. దాన్ని మీరే తిప్పుతున్నారు, తిరిగొచ్చిందని మీరే భయపడుతున్నారు. రెండోసారే నాకు తెలుసు. నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది. దానికి నా గుడ్డు పోయింది."

గుమ్మడమ్మ తొండంతో ఆ ముద్రను తడిమి చూసింది.

"నిజమేనే పిల్లా. కానీ ఏం చెయ్యను? నా దగ్గర నీళ్లున్నాయి, గడ్డి లేదు."

"నా దగ్గర గడ్డి ఉంది. ఎండాకాలం నీళ్లుండవు" అన్నాడు బొంతయ్య.

"నా దగ్గర నీడ ఉంది. కానీ ఇంతమందికి చోటు లేదు" అన్నాడు మసిమూతి మావయ్య.

"బాగుంది! విడివిడిగా చూస్తే మూడు సాకులు. కలిపి చూస్తే ఒక నిండు అడవి!" అంది ఇసుకమ్మ.

బొంతయ్యకు కోపం రాబోయి నవ్వు వచ్చింది.

ఆ రోజు పొద్దు వాలేదాకా వాదించుకున్నారు. చివరికి మాట కుదిరింది. ఎండాకాలం మంద వెదురడవి వాగు దగ్గర ఆకూ అలమూ మేస్తూ ఉంటుంది. వానలు పడ్డాక టేకడవి గడ్డికి పోతుంది. ఈనే తల్లులు మాత్రం మద్దడవి నీడలో ఉంటారు. ఇకపై ఎవరొచ్చినా, ముగ్గురూ ఇదే తిన్నె మీద కూర్చుని మాట్లాడుకున్నాకే అడుగు కదలాలి.

"సరే, మాతో ఉండాలంటే మా కేక నేర్చుకోవాలి. పులి కనిపిస్తే మేం ఖక్, ఖక్ అంటాం" అన్నాడు మసిమూతి మావయ్య.

"అయ్యో, అది పులి కోసమా?" అంది గరికమ్మ. "మీకు దగ్గు పట్టుకుందనుకున్నాను మావయ్యా! తప్పకుండా నేర్చుకుంటాం. మరి మేం నేలను కాలితో కొడితే అపాయమని. అది మీరూ నేర్చుకోండి."

"మేమెందుకు?"

"పులి ప్రతిసారీ ముందు మీకే కనిపిస్తానని మాటిచ్చిందా?"

మసిమూతి మావయ్య తోక గోక్కున్నాడు. తర్వాత కొమ్మ మీద నుంచి దిగి, కాలితో నేలను కొట్టి చూశాడు.

గొడవలు రాలేదని కాదు. ఇప్పపూల దగ్గర బొంతయ్య చాలాసార్లు గుర్రుమన్నాడు. గుర్రుమన్న ప్రతిసారీ తిన్నె మీదికొచ్చి కూర్చున్నారు. మంద మాత్రం మళ్లీ పరుగెత్తలేదు.

కొన్నాళ్లకు జల్లు పడింది. ఇసుకమ్మ గుడ్లు పగిలి మూడు పిల్లలు బయటికొచ్చాయి. గూటి పక్క మట్టిలో గరికమ్మ అడుగు ఇంకా అలాగే ఉంది. ఒక చీలిక పొడుగు, ఒక చీలిక పొట్టి. అందులో వాన నీళ్లు నిలిచాయి. పిల్లలు మూడూ దాని చుట్టూ చేరి, ముక్కులు ముంచి తాగాయి.

నాలుగో పక్క ఖాళీగా ఉంది. ఇసుకమ్మ ఆ పక్కన వచ్చి నిలబడింది.

నీతి: దిక్కులేక వచ్చినవారిని తలా ఒక పక్కకు తరిమితే భయం మూడింతలవుతుంది, అందరూ కలిసి కూర్చుంటే బరువు మూడు పాళ్లుగా విడిపోతుంది.