నేరేడుపట్నంలో ఆగిన గంట

గంటలు ఎక్కువా, నిద్ర తక్కువా అయిన ఒకానొక రాజ్యంలో గజకేసరి అనే మహారాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే తన పేరు తన చెవిన పడకుండా కాసేపు గడిచిందంటే ఆయనకు ఊపిరాడేది కాదు. అందుకే కొత్తగా కట్టించిన రాజధానికి గజకేసరిపురం అని పేరు పెట్టుకున్నాడు. కోట బురుజు మీద ఏనుగంత గంట వేలాడదీయించాడు. గడియకోసారి ఆ గంట మోగాలి. మోగగానే వందిమాగధులు మహారాజు ముప్పై రెండు బిరుదులూ గొంతెత్తి చదవాలి. పగలని లేదు, రాత్రని లేదు.

ఆ మోతల మధ్య ఆయన కంటిమీద కునుకు వాలి పదేళ్ళయింది. "రాజనేవాడు నిద్రపోడయ్యా! లోకం కోసం మేలుకుని ఉంటాడు" అని సభలో మీసం దువ్వేవాడు. కళ్ళ కింది నల్లచారలు మాత్రం అసలు సంగతి చెబుతూనే ఉండేవి. వాటిని చూడనట్టు నటించడమే ఆ కొలువులో పెద్ద ఉద్యోగం.

ఆ కొలువులోనే మాచన అని ఒక చతురుడు ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం ఆయన పని. ఆయన సొంతూరు నేరేడుపట్నం. తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే దూరమే. ఒక సన్నటి ఏరు, ఏటి వెంట మగ్గాల వీధులు, వీధి వీధికీ నేరేడుచెట్లు, నడుమ వేణుగోపాలస్వామి గుడి. అంతే ఊరు. చిన్న పట్నమని కూడా ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. పళ్ళ కాలం వచ్చిందంటే వీధులన్నీ ఊదారంగు, ఊరివాళ్ళ అరికాళ్ళన్నీ ఊదారంగు. రాజధానిలో ఆ ఊరివాళ్ళెవరైనా చెప్పులు విడిస్తే చాలు, "ఓహో! నేరేడుపట్నమా!" అని జనం ముసిముసిగా నవ్వేవారు. మాచన కొలువులో చేరి పన్నెండేళ్ళు. ఆయన అరికాళ్ళు ఎప్పుడో తెల్లబడిపోయాయి.

ఇలా ఉండగా మహారాజుకు ఒక లోటు కనిపించింది. గజకేసరిపురంలో వీధులు వెడల్పే, మేడలు ఎత్తే, కానీ బిరుదులు వినడానికి జనం చాలడం లేదు. వెంటనే ఉత్తరువు పుట్టింది. నేరేడుపట్నం వాళ్ళంతా మగ్గాలూ పిల్లాజెల్లా సర్దుకుని శుక్రవారం నాటికి రాజధానికి రావాలి. గుళ్ళో స్వామిని కూడా బండెక్కించి తేవాలి.

మాచన లేచి నిలబడ్డాడు. ఆ ఊళ్ళో ఆయనకు మిగిలింది ఒక్క పెద్దమ్మ, సూరమ్మవ్వ. ఎనభై ఏళ్ళ మనిషి. గుమ్మం మార్చి పడుకోబెడితేనే నిద్రపట్టని మనిషిని, ఊరు మార్చి ఎక్కడ పడుకోబెట్టడం?

"ప్రభూ, ఆ ఊరిని అలా ఉండనివ్వండి" అన్నాడు చేతులు జోడించి.

"ఎందుకు ఉండనివ్వాలోయ్? కోట ఉందా? కొలను ఉందా? రాతిరథం ఉందా? మరకల కాళ్ళు తప్ప ఆ ఊళ్ళో ఏముంది?" అన్నాడు రాజు. సభ ఘొల్లుమంది.

మాచన నవ్వలేదు. "ఏముందో నేను చెబితే సొంతూరి మమకారం అంటారు. తమరి నోటితోనే వినాలని ఉంది ప్రభూ."

"నా నోటితోనా! సరే, పందెం. ఆ ఊళ్ళో మధ్యాహ్నం గంట కొట్టినప్పటి నుంచి మళ్ళీ గంట కొట్టేదాకా ఉంటాను. ఆ లోపల నా నోట ఆ ఊరి గురించి ఒక్క మంచిమాట వస్తే ఉత్తరువు చింపేస్తాను. రాకపోతే మర్నాడే బళ్ళు కదులుతాయి. ఇంకో మాట. అక్కడ నువ్వు నోరు విప్పకూడదు. నీ నాలుక సంగతి నాకు తెలుసు."

"చిత్తం. తమరు కిరీటంతో వస్తే ఊరు భయపడుతుంది. బాటసారిలా రావాలి. ఆ 'మళ్ళీ గంట కొట్టేదాకా' అన్న మాట మాత్రం ఉత్తరువులు రాసే రాయసంగారిచేత పొల్లుపోకుండా రాయించండి."

"గంటల సంగతి నాకంటే ఎవరికి తెలుసయ్యా!" అని రాజు నవ్వి, ముద్ర వేశాడు.

మర్నాడు ముగ్గురూ బయల్దేరారు. గుర్రాల వర్తకుడి వేషంలో రాజు, చంకలో కాగితాల కట్టతో రాయసం లింగన్న, పెదవులు బిగించుకుని మాచన.

పొద్దు నడినెత్తికి వస్తుండగా సూరమ్మవ్వ వీధి మొగలో అడుగు పెట్టారో లేదో, అరుగు మీద నుంచి కేక వినిపించింది.

"ఆగు నాయనా, ఆగు! చెప్పులు విడు. కిందంతా పళ్ళు. సాయంత్రం స్వామికి నైవేద్యమయ్యే పండు. కాలితో తొక్కితే తొక్కావు, చెప్పుతో తొక్కకూడదు."

రాజు జన్మలో మొదటిసారి ఒకరు చెప్పగానే చెప్పులు విడిచాడు. మెత్తగా, చల్లగా, పళ్ళు అరికాలి కింద చితికాయి.

"ఒరే మాచా! నువ్వట్రా? ఎన్నేళ్ళకి! ఏం, మాట్లాడవే? రాజుగారి కొలువులో నాలుక కూడా కోసేశారా?" అంది అవ్వ. మాచన ఆవిడ కాళ్ళకు దండం పెట్టి, నోటిమీద వేలేసుకుని, నవ్వీ నవ్వనట్టు చూశాడు. ఆవిడ రాజు వంక తిరిగింది. "ఈయనెవరు? అయ్యో, కళ్ళ కింద ఆ చారలేమిటి నాయనా? మీ ఆవిడ అన్నం పెట్టడం లేదా, పెట్టి తిడుతోందా?"

లింగన్న ఉలిక్కిపడి దగ్గాడు. రాజు మొహం కందింది. ఈలోగా దబ్బాకు వేసిన మజ్జిగ చెంబూ, ఆకుదొన్నెలో ఉప్పద్దిన నేరేడుపళ్ళూ ఆయన చేతిలోకి వచ్చేశాయి.

అప్పుడే గుళ్ళో మధ్యాహ్నం గంట మోగింది. పందెం మొదలైంది.

"అవ్వా, మీ ఊళ్ళో చూడదగ్గదేముంది?" అని రాజు గొంతు సవరించుకుని అడిగాడు.

సూరమ్మవ్వ బుగ్గన వేలుపెట్టుకుని నిజంగానే ఆలోచించింది. "చూడ్డానికా? ఏమీ లేదు నాయనా. ఉండడానికైతే బాగుంటుంది."

"రాసుకో!" అన్నాడు రాజు సంబరంగా. "చూడ్డానికి ఏమీ లేదట. ఊరిదే సాక్ష్యం." లింగన్న రాసుకున్నాడు. మాచన తల వంచుకున్నాడు.

గుడి తలుపులు మూతపడ్డాయి. స్వామి పవళించే వేళ. ఒక్కొక్క మగ్గమే ఆగుతూ వచ్చింది. ముందు ఏటివైపు వీధి, తర్వాత నడివీధి, చివరికి పక్కింటి మగ్గం. చప్పుడు తగ్గినకొద్దీ ఏటిగాలి వినిపించడం మొదలుపెట్టింది. చెట్టు మీంచి ఒక పండు రాలింది. చాలాసేపటికి ఇంకొకటి. అరుగు నున్నగా, చల్లగా ఉంది. అవ్వ పాత చీరతో కుట్టిన బొంత పరిచి, "కాస్త నడుం వాల్చు నాయనా" అంది.

"నేను నిద్రపోను. నేను ఎప్పుడూ మేలుకునే..." అంటూనే మహారాజు నడుం వాల్చాడు. ఆ మాట పూర్తికాలేదు. సన్నగా గురక మొదలైంది.

మాచన స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఈ ఊరికి ఒక పాత ఆనవాయితీ ఉంది. ఆయన ఆశ అంతా దాని మీదే. కానీ పన్నెండేళ్ళు గడిచాయి. మనుషులు మారరా? ఆనవాయితీలు మాసిపోవా? అడుగుదామంటే నోరు విప్పకూడదు.

ఎండ నీడైంది. గుడిగంట కొట్టే బసవయ్య తాత కొయ్యసుత్తి భుజాన వేసుకుని వీధి మొగలో కనిపించాడు. నాలుగో జాము గంటకు వేళయింది. మాచన గుండె ఆ సుత్తితోనే కొడుతున్నట్టుంది. బసవయ్య నడుస్తూ నడుస్తూ అరుగు ముందు ఆగాడు. నిద్రపోతున్న బాటసారిని చూశాడు. సూరమ్మవ్వ వంక చూసి కనుబొమలెగరేశాడు. అవ్వ పెదవుల మీద వేలుంచింది.

బసవయ్య సుత్తిని చప్పుడు కాకుండా నేలమీద పెట్టి, అరుగు కొసన కూర్చున్నాడు.

మాచన కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత ఆయన చూసింది కలో నిజమో ఎప్పటికీ తేల్చుకోలేకపోయాడు. నేతగాళ్ళు మునివేళ్ళ మీద నడిచిపోయారు. ఎద్దులబండివాడు వీధి మొగలోనే దిగి, ఎద్దుల మెడలో మువ్వలు విప్పి మొలలో దోపుకున్నాడు. ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి పక్కవీధికి వెళ్ళింది. సందెవేళ దీపాలు వెలిగాయి. స్వామికి హారతి ఇచ్చారు, గంట లేకుండా. నేరేడుపళ్ళ నైవేద్యం పెట్టారు, మేళం లేకుండా. కర్పూరం వాసన ఒక్కటే ఇంటింటికీ వెళ్ళి హారతి అయిందని చెప్పి వచ్చింది. ఊరంతా ఆ ఒక్క మనిషి ఊపిరిని మోస్తున్నట్టు, ఏరు కూడా కాస్త పక్కకు ఒత్తిగిలి పారుతున్నట్టు అనిపించింది. వీళ్ళ మరకల కాళ్ళను చూసి లోకం నవ్వింది. ఆ నవ్వుకు జంకి తానెన్నాళ్ళు దూరంగా ఉన్నాడో తలుచుకుని మాచన సిగ్గుపడ్డాడు.

రాజు కళ్ళు తెరిచేసరికి తూర్పున ఎరుపు.

"సాయంత్రమైందా?" అన్నాడు బద్ధకంగా.

"తెల్లారింది బాబూ" అన్నాడు బసవయ్య. ముందుకు వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "నిద్ర బాగా పట్టిందా?"

రాజు నోరు తెరిచాడు. లింగన్న కలం సిరాలో ముంచడం కనిపించి, టక్కున మూసుకున్నాడు.

"ముందు గంట కొట్టు తాతా, తర్వాత చెబుతాను."

"అలా కొట్టకూడదు బాబూ. అతిథి లేచి, నిద్రపట్టిందని చెప్పాకే గంట. నిన్న మధ్యాహ్నం నుంచి ఆపి ఉంచాం. అదిగో, స్వామి కూడా మేలుకొలుపు కోసం ఎదురుచూస్తున్నాడు."

"చెప్పకపోతే?"

"చెప్పేదాకా ఆగుతాం. తొందరేముంది?"

"పట్టలేదంటే?"

సూరమ్మవ్వ గుండెల మీద చెయ్యేసుకుంది. "అయ్యో, పట్టలేదా! బొంత గుచ్చుకుందేమో. మెత్తటిది వేస్తాను, మళ్ళీ పడుకో నాయనా. మొన్నామధ్య గాజులసెట్టి ఇలాగే పట్టలేదన్నాడు. రెండురోజులు గంట లేదు. ఊళ్ళో కోళ్ళు కూడా తికమకపడి వేళకాని వేళ కూశాయి."

"గాజులసెట్టికా!" రాజు నిటారుగా కూర్చున్నాడు. "గాజులమ్మేవాడి కోసం రెండురోజులు ఊరి గంట ఆపారా?"

"ఎవరైతే ఏమిటి నాయనా? నిద్ర నిద్రే కదా. అలిసి వచ్చినవాడు పడుకుంటే స్వామి మాత్రం లేస్తాడా?"

రాజు బొంత మీద నుంచి లేచాడు. మాచన చెయ్యి పట్టుకుని ఇంటి వెనక నేరేడుచెట్టు కిందికి లాక్కుపోయాడు. లింగన్న వెంట పరుగెత్తాడు.

"నువ్వే నేర్పావు కదూ వీళ్ళకి? నిజం చెప్పు. నోరు విప్పడానికి అనుమతి ఇస్తున్నాను."

"లేదు ప్రభూ" అన్నాడు లింగన్న. "ఆయన నిన్నటి నుంచి ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. ఏడ్చారు, అంతే."

అప్పుడు మాచన నోరు విప్పాడు. "ప్రభూ, గంట ఇంకా కొట్టలేదు కాబట్టి పందెం ఇంకా నడుస్తోంది. నిద్ర పట్టిందన్నారా, అది ఈ ఊరికి మంచిమాట. లింగన్న రాసుకుంటాడు. పట్టలేదన్నారా, గంట మోగదు, గడువు తీరదు, బళ్ళు కదలవు."

"ఏమీ అనకుండా కూర్చుంటే?"

"కూర్చోండి ప్రభూ. మజ్జిగకు లోటు లేదు."

రాజు ముందు పళ్ళు కొరికాడు. ఆపైన మీసం కదిలింది. ఆపైన పొట్ట కదిలింది. చెట్టుమీది పిట్టలు లేచిపోయేలా నవ్వాడు. ఇంట్లోంచి అవ్వ, "మెల్లగా నాయనా! పక్కింటి పసివాడు ఇంకా లేవలేదు" అని గదిమింది. మహారాజు తన నోరు తనే రెండుచేతులా మూసుకున్నాడు.

"మాచనా," అన్నాడు కళ్ళు తుడుచుకుని, "నాకో కల వచ్చిందయ్యా. ఏట్లో వెల్లకిలా తేలుతున్నాను. నా బిరుదులన్నీ పళ్ళలా ఒక్కొక్కటే రాలి నీళ్ళలో పడుతున్నాయి. ముప్పై రెండూ రాలాయి. ఒడ్డున మా అమ్మ నిలబడి, 'చిన్నోడా, అన్నానికి రా' అంటోంది. ఆ పేరు విని ఎన్నేళ్ళయింది!"

అరుగు దగ్గరికి తిరిగి వచ్చాడు. బసవయ్య ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పట్టింది తాతా. పదేళ్ళ తర్వాత పట్టింది."

లింగన్న రాసుకున్నాడు. బసవయ్య సుత్తి తీసుకుని గుడికి నడిచాడు. కాసేపటికి గంట మోగింది. వెనకే మగ్గాలు అందుకున్నాయి, మువ్వలు అందుకున్నాయి, నిన్నటి నుంచి దాచుకున్న ఏడుపంతా పసివాడు అందుకున్నాడు. నేరేడుపట్నం లేచింది.

మర్నాడు సభలో మహారాజు ఉత్తరువు తన చేత్తోనే చింపేశాడు. మాచనకు రత్నకంకణం తొడిగి, ఏటా పళ్ళకాలంలో సొంతూరు పోవడానికి నెలరోజులు సెలవిచ్చాడు. బురుజు మీది గంటకు మధ్యాహ్నం ఒక జామూ, రాత్రి నాలుగు జాములూ విశ్రాంతి అన్నాడు. వందిమాగధులు ఆనందంతో ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు.

ఆస్థాన పండితుడొకాయన ఉండబట్టలేక అడిగాడు. "ఇంతకీ ప్రభూ, ఆ ఊళ్ళో చూడదగ్గది ఏముంది?"

"ఏమీ లేదు పండితా" అన్నాడు గజకేసరి. "ఉండడానికైతే బాగుంటుంది."

అని హాయిగా ఆవలించి, పాదరక్షలు విడిచి, సింహాసనం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. సభంతా ఎవరికి వారు నోరు నొక్కుకున్నారు. మహారాజు అరికాళ్ళు రెండూ ఊదారంగు.