అత్త కోసం వెయ్యి బళ్ళ ఎరువు

రండర్రా, చాప మీద ఇటు జరగండి. ఒరే శేషూ, ఆ దిండు లాక్కోకు, అది నాది. మాలతీ, నువ్వు నా కాలి పక్కన పడుకో. ఊ కొట్టకపోతే మాత్రం కథ ఆపేస్తాను, ముందే చెబుతున్నా. నిన్న సగం కథ గోడకి చెప్పుకున్నాను.

అనగనగనగా, గోదారికి అవతలి గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో అరవై నాలుగు గడపలు. అందులో ఒక గడప వెంకాయమ్మది. ఆవిడకి ఒక్కడే కొడుకు, సింహాద్రి. మంచివాడే గానీ, ఏం చెప్పినా సరే అనడం తప్ప ఇంకో మాట రాదు. ఆ సింహాద్రి పెళ్ళాం నాంచారి. ఈ కథంతా ఆ పిల్లదే.

నాంచారికి వానపాములంటే ముద్దు. అలా మొహం చిట్లించకే మాలతీ, అవి నిన్నేం చేశాయి? పశువుల పాక వెనకాల నీడలో పాత పేడ పోసి, తడి గోనె కప్పి, అందులో వాటిని పెంచేది. అవి ఆ పేడంతా తిని, మీ అమ్మ వేసే టీ పొడిలాంటి నల్లటి ఎరువు పెట్టేవి. అది గుప్పెడు వేస్తే చాలు, ఆనపకాయలు పందిరి వంగిపోయేలా కాసేవి. వెంకాయమ్మకి మొదట్లో అసహ్యమే. ఏమే పిల్లా, అందరూ కోడిపిల్లల్ని పెంచుకుంటారు, నువ్వు పురుగుల్ని పెంచుతావా అని రోజూ సణిగేది. సణుగుతూనే గోనె మీద నీళ్ళు చల్లేది. అదీ ఆవిడ వరస.

ఊ అన్నారా? ఆఁ.

ఆ రాజ్యానికి గంభీరరాజని ఒక రాజు. చెడ్డవాడు కాదు, కానీ ఆయనకి అన్నీ పెద్దవే కావాలి. పెద్ద తలపాగా, పెద్ద పళ్ళెం, నలుగురు పట్టే మంచం, దాని మీద ఆయనొక్కడే. ఆయనకి తాంబూలం లేనిదే పొద్దు గడవదు. కోట పక్కన కనుచూపు మేర తమలపాకు తోట వేయించాడు. ఏం లాభం? నేల సారం చచ్చిపోయి తీగలన్నీ పసుపు తిరిగిపోయాయి. ఆకు కోసం ఊళ్ళ మీద పడ్డ భటుడొకడు వెంకాయమ్మ పెరట్లో తమలపాకు తీగ చూశాడు. అరచెయ్యంత ఆకు, నల్లగా నిగనిగలాడుతోంది. ఇదేం మందమ్మా అని అడిగాడు.

ఇంట్లో కోడల్ని సణిగే ఆ వెంకాయమ్మ, బయటివాడు అడిగేసరికి కొంగు దోపుకుని నిలబడింది. "మా కోడలి చేతి ఎరువు నాయనా. దాని చెయ్యి అలాంటిది. తలుచుకుంటే మీ రాజుగారికి వెయ్యి బళ్ళు చేసి పడేస్తుంది" అంది.

అనకూడదా ఏం? ముద్దుకొద్దీ అంటాం. కానీ ఆ మాట రాజు చెవిన పడింది. వెయ్యి అనగానే ఆయన కళ్ళు మెరిశాయి. వెంటనే వెంకాయమ్మని కోటకి పిలిపించాడు. పెద్దమ్మా, నీ కోడలు రెండేళ్ళలో వెయ్యి బళ్ళ ఎరువు తోలాలి, అందాకా నువ్వు కోటలోనే ఉండు, తోలకపోతే ఇక నీ ఊరి మొహం చూడవు అన్నాడు. సింహాద్రి ఏమన్నాడో చెప్పుకోండి. సరే అన్నాడు.

ఊళ్ళో వాళ్ళేమనుకున్నారూ, అత్త పీడ విరగడైంది, నాంచారి హాయిగా ఉంటుందిలే అనుకున్నారు. వాళ్ళకేం తెలుసు? ఆ పిల్ల అన్నం కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. అమ్మ లేని పిల్ల నాంచారి. జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని తలకి తడిగుడ్డ వేసింది ఆ అత్తే. ఎలాగైనా అత్తని ఇంటికి తెచ్చుకోవాలి, అంతే ఆ పిల్లకి కావలసింది.

ఈలోగా రాజు ఊరుకున్నాడా? వెయ్యి బళ్ళు కావాలంటే వెయ్యి బళ్ళు పట్టే గొయ్యి ఉండాలి కదా అని లెక్కేశాడు. నూరు మంది కూలీలతో ఏనుగు మునిగేంత గొయ్యి తవ్వించాడు. కోట పశువుల పచ్చిపేడంతా పొగలు కక్కుతుండగా అందులో నింపించాడు. నాంచారి వద్దు మొర్రో అంటున్నా వినకుండా, ఆ పిల్ల వానపాములన్నిటినీ గంపలకెత్తించి అందులో కుమ్మరించాడు. ఏమైంది? పచ్చిపేడ మాగకుండా వేస్తే లోపల ఉడుకుతుంది. లోతు ఎక్కువైతే గాలి ఆడదు. మూడో రోజుకి గోతిలోంచి ఆవిరి వచ్చింది, ఐదో రోజుకి కంపు వచ్చింది. పాపం, పిల్లల్లా పెంచుకున్నవి, అన్నీ చచ్చిపోయాయి.

అయ్యో అనండి. అలా.

నాంచారి బావి దగ్గర కూలబడి ఏడ్చింది. అరటి తొక్కలు వేసే ఓటికుండ ఒకటి ఉంటే, దాన్ని కదిపి చూసింది. అడుగున రెండు గుప్పెళ్ళ వానపాములు ఉన్నాయి. అవి తప్ప ఇంకేం లేవు. రెండు గుప్పెళ్ళతో వెయ్యి బళ్ళా?

ఆ సంగతి విని పలకరించడానికి ఊరి ఆడవాళ్ళు వచ్చారు. ఏడుస్తున్నా సరే, ఇంటికొచ్చిన వాళ్ళకి ఏదో ఒకటి పెట్టాలి కదా. రుబ్బిన మినప్పిండి ఉంది, పెనం పెట్టింది. ఒక అట్టు పోసింది, తిప్పింది, తీసింది. ఇంకో అట్టు పోసింది, తిప్పింది, తీసింది. ఇరవయ్యో అట్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది. నూరు మందికి అట్లు పోయాలంటే వీధంత అట్టు ఒకటే పోస్తామా? పోస్తే ఏమవుతుంది, అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. గరిటెడు గరిటెడే పోస్తాం. తొందరైతే పక్కింటి పెనం కూడా తెచ్చుకుంటాం. అట్లకాడ అక్కడే పడేసి, అక్కలారా, మీ పెరళ్ళు నాకివ్వండి అంది నాంచారి.

పురుగుల్ని మా పెరట్లోనా అని ఒకావిడ మూతి తిప్పింది. అప్పుడు నాంచారి ఏం చెప్పిందో వినండి. పేడ మాగితే వానపాము తింటుంది. వానపాము తింటే ఎరువొస్తుంది. ఎరువొస్తే తోట పచ్చబడుతుంది. తోట పచ్చబడితే రాజు ఆకు వేసుకుంటాడు. రాజు ఆకు వేసుకుంటే మా అత్త ఇంటికొస్తుంది. ఆ ఆఖరి మాట అంటూ పిల్ల కొంగుతో కళ్ళొత్తుకుంది. మూతి తిప్పిన ఆవిడే ముందుగా లేచి, మా పెరట్లో మామిడిచెట్టు కింద మంచి నీడ ఉందమ్మా అంది.

ముందు నాంచారి ఇంట్లో ఒక మడి. మోకాలి ఎత్తే, అంతకు మించి కూడదు. ఇటు నుంచి చెయ్యి చాపితే మధ్యకి అందేంత వెడల్పే. పైన కొబ్బరాకుల పందిరి, ఎండ పడకుండా. చుట్టూ సన్నటి నీళ్ళ కాలువ, చీమలు రాకుండా. పేడా ఎండాకూ కలిపి, రెండు వారాలు నీళ్ళు చల్లి తిరగేసి, లోపల చెయ్యి పెడితే చల్లగా తగిలాకే వానపాముల్ని వదిలింది. అవి పిల్లలు పెట్టి మడి నిండేసరికి, సగం తీసి పక్కింటి మడిలో వేసింది. ఆ రెండూ నిండాక ఇంకో రెండు. కుమ్మరోళ్ళింట కుండెడు, గాండ్లోళ్ళింట గంపెడు, సాలోళ్ళింట చాటెడు. ఒకటి రెండయ్యె, రెండు నాలుగయ్యె, నాలుగు ఎనిమిదయ్యె. శేషూ, తర్వాతేంటి? పదహారు. లెక్కల్లో మాత్రం ఊ కొడతావు.

ఊళ్ళో బుల్లెమ్మని ఒక అమాయకురాలు ఉండేది. చప్పిడి తిండి తిని తిని వానపాములకి నోరు చచ్చిపోయి ఉంటుందని జాలిపడి, మడిలో ఆవకాయ కలిపిన అన్నం వేసింది. తెల్లారేసరికి వానపాములు మడి దాటి కాలువలో ఈదుతున్నాయి. నాంచారి తిట్టలేదు. బుల్లక్కా, ఇవి బాలింతల్లాంటివి, ఉప్పూ కారం పులుపూ పడవు అని చెప్పి, తనే కూర్చుని ఒక్కొక్కటీ ఏరి మళ్ళీ మడిలో వేసింది.

అక్కడ కోటలో వెంకాయమ్మకి పరమాన్నాలు పెడుతున్నారు. ఆవిడేమో పాయసంలో పలుకుందని వంటవాళ్ళని తిట్టేది, జడ వదులుగా ఉందని రాణిగారిని కూర్చోబెట్టి బిగించి వేసేది. రాజుకి కూడా ఆవిడంటే కాస్త భయం పట్టుకుంది. కానీ పొద్దు వాలేసరికి కోట గుమ్మం దగ్గరికి వెళ్ళి, మా ఊరి నుంచి ఎవరైనా వచ్చారా నాయనా అని కాపలావాణ్ణి అడిగేది. రెండేళ్ళూ ఒక్క రోజు మానలేదు.

ఇక్కడ అరవై నాలుగు పెరళ్ళూ నిండాయి. నాలుగు రోజులు నీళ్ళు ఆపేసి, మడిలోది గోపురంలా కుప్ప పోసేవాళ్ళు. వెలుతురంటే భయం కదా, వానపాములు బిలబిలా అడుక్కి దిగిపోయేవి. పైపైన ఎరువు తీసి జల్లెడ పట్టడమే, అడుగునున్న వాటికి మళ్ళీ కొత్త మేత వేయడమే. తీసినకొద్దీ వచ్చేది. సింహాద్రి బండికెత్తేవాడు. ఎత్తమంటే సరే, తోలమంటే సరే. ఒక్కోసారి ఆ సరే కూడా మంచిదేనర్రా.

రెండో ఏడు తొలకరి ఇంకా పడలేదు, కోట ముందు వెయ్యి బళ్ళూ బారులు తీరాయి. రాజు దిగివచ్చి ఎరువు అరచేతిలో పోసుకుని వాసన చూశాడు. తడిసిన మట్టి వాసన. ఇంత ఎరువు ఏ గోతిలో చేశావమ్మా, ఆ గొయ్యి నాకు చూపించు అన్నాడు. గొయ్యి లేదండి, అరవై నాలుగు పెరళ్ళలో చేశాం అంది నాంచారి. అట్ల సంగతి కూడా చెప్పింది. ఆయన తన పెద్ద తలపాగా ఒకసారి సర్దుకుని, నా బుర్రకి తోచలేదు తల్లీ అన్నాడు. వెంకాయమ్మకి పల్లకీ తెప్పించాడు.

ఆవిడ పల్లకీ వంక చూడను కూడా చూడలేదు. ఖాళీ అయిన ఎరువు బండెక్కి కోడలి పక్కన కూర్చుంది.

బండి కోట దాటింది. ఆవిడ నాంచారి చేతులు పట్టుకుని చూసింది. గోళ్ళ నిండా నల్లమట్టి, అరచేతులు కాయలు కాచి ఉన్నాయి. అప్పుడు ఏడుపు ఆగలేదు ఆవిడకి. "గొప్పకి పోయి ఒక్క మాట అన్నానే తల్లీ, రెండేళ్ళు నిన్ను అరగదీశాను. ఎన్నిసార్లు నా నోరు నేనే తిట్టుకున్నానో. నా మీద కోపమొస్తే అను, పడతాను" అంది.

చూస్తే నాంచారి అప్పటికే అత్త ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. రెండేళ్ళ తర్వాత కంటినిండా పోయిన నిద్ర. బండి కుదుపులకి వెంకాయమ్మ కాలు తిమ్మిరెక్కింది, మొద్దుబారింది. అయినా ఇల్లు చేరేదాకా ఆవిడ కాలు కదపలేదు. మెల్లగా తోలరా అని కొడుక్కి సైగ చేసింది. వాడు సరే అనబోతే, ఆ సరే కూడా అనొద్దంది, పిల్ల లేస్తుందని.

రాజు తోట పచ్చబడింది, ఊరు ఊరంతా చల్లగా ఉంది. మీరు కూడా ఏదైనా పెద్ద పని పడితే గుండెలు బాదుకోకండి. గరిటెడు గరిటెడు పోసుకోండి, చాలకపోతే పక్కింటి పెనం అడగండి.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం. మాలతీ... మాలతీ? పడుకుందా? నా కాలి మీద తల పెట్టేసింది. లేపకురా శేషూ, ఉండనీ. నేను కదలన్లే.