ఎర్నమ్మ ఉప్పు జాడీ

ఉప్పు మీద ఏ రాజూ ఇంకా సుంకం వేయని కాలంలో, సముద్రం ఊరికి ఇంకా ఆమడ దూరంలో ఉన్న రోజుల్లో, ఒక ఉప్పుమడుల ఊరు ఉండేదట. ఆ ఊళ్ళో ఎర్నమ్మ అనే ముసలామె. పొలం లేదు, పుట్ర లేదు, మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు పారమ్మ. దాన్ని ఏరవతల ఇంకో ఉప్పుమడుల ఊరికిచ్చింది. ఇంట్లో మిగిలింది నడుమెత్తు జాడీ, దాని నిండా ఉప్పు.

ఆ ఉప్పులో ఏముందో ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. కాళ్ళూ చేతులూ పగిలేలా మడుల్లో పనిచేసి, గుడ్డలో కట్టి దాచుకున్న వెండి డబ్బుల ముడుపులు. ఇంట్లో దాస్తే మొగుడు తాగుతాడు. మొగుడు తాగకపోతే మరిది అడుగుతాడు. అందుకని ఎవరి ముడుపుకి వాళ్ళే ముడి వేసి, తెచ్చి ఆ ఉప్పులోకి దించేవాళ్ళు.

ఉప్పుని ఒకరి చేతికి ఒకరు అందించరు, తగువులొస్తాయని. ఎర్నమ్మ ముడుపునీ అలాగే చూసింది. "నేను చేతికివ్వను. ముడి వేసిన చెయ్యే రావాలి" అనేది.

ముడుపు కోసం మొదట, మడుల్లో పనిచేసే దాలమ్మ మొగుడు గంగులు వచ్చాడు.

"అత్తా, దాలమ్మకి జ్వరం. ముడుపు తెమ్మంది."

"జ్వరమైతే పద, కషాయం కాచి పోస్తాను. ముడుపుకి మాత్రం ముడి వేసిన చెయ్యే రావాలి."

"నా పెళ్ళాం సొమ్ము నాది కాదా?"

"దాని కాళ్ళ పగుళ్ళూ నీవేనా నాయనా? అయితే రేపట్నుంచి మడిలో నువ్వే దిగు."

గంగులు గొణుక్కుంటూ పోయాడు. దాలమ్మ ఆ సమయానికి మడిలో ఉప్పు లాగుతోంది, నిక్షేపంలా ఉంది. దొంగ ఎక్కణ్ణించో వస్తాడనుకుంటాం. మొదటివాడు ఇంట్లోంచే బయల్దేరతాడు.

రెండోసారి కాషాయం కట్టుకున్నవాడు వచ్చాడు.

"తల్లీ, ఆ జాడీ నాకప్పగించు. తెల్లారేసరికి లోపలి వెండంతా బంగారం చేస్తాను."

"అంత విద్య ఉంటే జోలెకి అన్ని మాసికలెందుకు స్వామీ?"

"నమ్మకం లేని ఇంట దేవుడుండడు."

"నన్ను నమ్మి వాళ్ళు పెట్టారు. ఈ ఇంటికి ఆ నమ్మకం చాలు. ముడి వేసిన చెయ్యే రావాలి."

స్వామి శపించి పోయాడు. శాపానికి జాడీ బీటైనా వారలేదు.

మూడోసారి మిట్టమధ్యాహ్నం, ఆడవాళ్ళంతా మడుల్లో ఉండగా, ఒక కుర్రాడు రొప్పుతూ వచ్చాడు.

"పిన్నీ, మాది పారమ్మ ఊరే. వాళ్ళ పక్క మడి మాదే. రేవులోని కోటవాళ్ళు పారమ్మని పట్టుకుపోయారు. పొద్దుగూకేలోగా సొమ్ము కట్టకపోతే ఓడెక్కించి అమ్మేస్తారు. జాడీలో ఉన్నదంతా తియ్యి. ఎవరికీ చెప్పకు, పిల్ల పరువు పోతుంది."

ఎర్నమ్మ జాడీ దగ్గరికి పరిగెత్తింది. ఒక్కగానొక్క కూతురు. జాడీలో చెయ్యి పెట్టింది. పగుళ్ళలో ఉప్పు చురుక్కుమంది. దాలమ్మ ముడి తగిలింది, ఇంకెవరిదో తగిలింది. అన్నీ వేళ్ళకందే దూరంలోనే ఉన్నాయి. తీస్తే ఆపేవాళ్ళు లేరు. కన్నపేగు కదా అని రేపు ఊరు కూడా ఏమీ అనదు.

తన ముడుపు వెతికి తీసింది. అదొక్కటే తీసింది.

"ఇది నాది. పట్టుకుని నేనూ నీతో వస్తాను. మిగతావి నావి కావు. మడుల దగ్గరికెళ్ళి అడుగుదాం. వాళ్ళ చేత్తో వాళ్ళు తీసిస్తే పట్టుకెళ్దాం."

"అంతసేపు నీ కూతుర్ని ఎవరాపుతారు? నువ్వు కన్నతల్లివేనా?"

"కన్నదాన్నే కాబట్టి కాళ్ళు వణుకుతున్నాయి. చేతుల్ని మాత్రం ఊరికిచ్చేశాను నాయనా. పరిగెత్తుకొచ్చావు, గంజి తాగు. బయల్దేరదాం."

వాడు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "చప్పగా ఉంది పిన్నీ. కాస్త ఉప్పు వెయ్యి" అని అరచెయ్యి చాపాడు.

ఎర్నమ్మ ఆ చెయ్యి వంక చూసింది. ఒక్క పగులు లేదు. అది కాదు సంగతి. ఉప్పుమడుల్లో పుట్టినవాళ్ళలో పాలు మరవని పిల్ల కూడా ఉప్పుకి చెయ్యి చాపదు.

"పక్క మడి మీదేనా నాయనా?"

"మాదే పిన్నీ."

ఆమె వంట ఉప్పు బయటి కుండలో ఉంది, తెస్తానని గడప దాటింది. బయట గడియ పెట్టి, మడుల వైపు తిరిగి కేకేసింది. ఆడవాళ్ళు ఉప్పు లాగే కర్రలతోనే వచ్చారు. వాణ్ణేం చేశారో ఎవరూ చెప్పరు. వాడు మాత్రం ఆ తర్వాత గంజి ఎంత చప్పగా ఉన్నా తాగేసేవాడంటారు.

ఆ సాయంత్రమే ఏరు దాటి వెళ్ళారు. పారమ్మ తన మడిలోనే ఉంది. "ఇంతమంది ఎందుకొచ్చారే అమ్మా?" అంది. ఎర్నమ్మ అప్పుడు కూర్చుని ఏడ్చింది.

ఆమె పోయిన రోజున ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి జాడీలో చెయ్యి పెట్టారు. ఎవరి ముడి వాళ్ళకి అలాగే దొరికింది. ఊళ్ళో పెద్దమనుషులు జాడీ తామే కాపాడతామని ముందుకొచ్చారు. దాలమ్మ తన ముడుపుని మళ్ళీ ఉప్పులోకి దించి, జాడీని తన ఇంటికి మోయించుకుపోయింది.

ఇప్పటికీ ఆ వైపు అత్తారింటికి వెళ్ళే పిల్లతో ముందు ఒక ముడి వేయిస్తారు. "ఉప్పు చేతికివ్వకు, ముడుపు మాటకివ్వకు" అని చెప్పి పంపుతారు. ఎవడైనా గుట్టుగా వచ్చి, తొందరపెట్టి సొమ్మడిగాడా, ఆడవాళ్ళు వాణ్ణి కాదనరు, తిట్టరు. కూర్చోబెట్టి చప్పటి గంజి పోస్తారు. పోసి, వాడి చేతి వంక చూస్తూ నిలబడతారు.